అర చుట్టు వెనక్కి

(పొద్దున్న. పట్టణంలో ఒకప్పుడు వాల్వులు తిప్పి కుళాయి నీళ్ళు వదిలే పని చేసిన మనిషి ఇల్లు. గుమ్మంలో అతని భార్య, ఎదురుగా నీళ్ళ ఆఫీసు ఇన్‌స్పెక్టరు.)

"ఆయన లేరని చెప్తున్నాను కదా బాబూ. మళ్ళీ అదే అడుగుతారేంటి?"

"ఎక్కడికెళ్ళారమ్మా?"

"ఎక్కడికెళ్తారు, పై వీధికి. నీళ్ళు రాలేదని తెల్లారగానే వచ్చి పిలుచుకెళ్ళారు."

"నేనొచ్చింది ఆ నీళ్ళ సంగతికే. ఎందుకు ఆగాయో మీకేమైనా తెలుసా?"

"నన్నడుగుతారా! వాల్వులకి మోటార్లు బిగించింది మీరు. ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే చాలు, ఇంక మీ ఆయన వీధి వీధీ తిరిగి తిప్పక్కర్లేదు అన్నదీ మీరే. ఇప్పుడాగితే నన్నడిగితే ఎలా?"

"మోటారు బానే ఉందమ్మా. ఎవరో గుంత మూత తీసి, వాల్వు చేత్తో కట్టేశారు. ఈ నెలలో ఇలా కావడం మొదటిసారి కూడా కాదు."

"అయ్యో. ఎవరబ్బా?"

"చేత్తో కట్టాలంటే ఆ పొడుగు ఇనప రాడ్డు కావాలి. అది మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు."

"ఎందుకు లేదు? పాత ఇనప కొట్లలో బోలెడు."

"లేవు. అన్ని కొట్లూ తిరిగి అడిగొచ్చాను."

"కొట్లన్నీ తిరిగారా! ఇంత చిన్నదానికి అంత శ్రమెందుకు బాబూ? ఒక్క ఫోను చేస్తే పోయేదిగా."

"ఫోనులో కుదరదు. స్వయంగా వచ్చి చూడాలి. రాడ్డు ఎక్కడ పెడతారు?"

"మంచం కింద."

"చూపించండి."

"ఇప్పుడా? ఇప్పుడు ఆయన పట్టుకెళ్ళారు కదా. మీరు నిలబడే ఉన్నారు, లోపలికొచ్చి కూర్చోండి ముందు. ఇదిగో టీ."

"గ్లాసు కొంగుతో పట్టుకున్నారేం? చేతికేమైంది?"

"పొయ్యి దగ్గర కాలింది."

"రెండు చేతులూనా?"

"పొయ్యికేం తెలుసు బాబూ, ఏ చెయ్యో! తాగండి, చల్లారిపోతుంది."

"అమ్మా, దాచకుండా చెప్తున్నాను. ఇది మీ ఆయన పనే అని తేలితే మీ ఇంటికొచ్చే నెల భృతి ఆపేస్తారు."

"ఆపేస్తారా? అదెలా? పనున్నా లేకపోయినా ప్రతి మనిషికీ ఇస్తామన్నారు కదా!"

"నీళ్ళ పైపుల జోలికొస్తే ఇవ్వరు. రూలు."

"ఇద్దరిదీనా?"

"ఇంటిది అంటే ఇద్దరిదీ."

"మరి మేం తినేదేంటి? ఆ చివరి బంగళా వాళ్ళకీ ఇదే భృతి వస్తుంది, దాంతో వాళ్ళు కుక్కకి క్షవరం చేయిస్తారు. వాళ్ళది ఆపి చూడండి, కుక్కకి బొచ్చు పెరుగుతుంది, అంతే. మాది ఆపితే పొయ్యి వెలగదు."

"ఆ రూలు నేను పెట్టానా అమ్మా?"

"ఆయన కాదు బాబూ. ఒట్టు. తెల్లవారుజామున ఆయన గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నారు."

"తెల్లవారుజామున అని నేను చెప్పలేదే."

"చెప్పారు."

"చెప్పలేదమ్మా."

"అయితే ఇంకెవరో చెప్పుంటారు. అదిగో, ఆయనే వచ్చేశారు."

"ఏమోయ్, కాసిని మంచినీళ్ళు! ఓహో, ఆఫీసు నుంచా! కూర్చోండి కూర్చోండి, లేవకండి. చూశారా మీ మోటార్ల సంగతి? చివరికి ఎవడొచ్చి తిప్పాలి? ఈ ముసలాడే!"

"కట్టిందెవరో మీకేమైనా అనుమానం ఉందా పెద్దాయనా?"

"ఉంటే చెయ్యి విరగ్గొట్టనూ! వాల్వు కట్టడమంటే ఏంటనుకున్నాడు వెధవ? ఉన్న బలమంతా పెట్టి చివరిదాకా బిగించేశాడు. బిగిశాక అర చుట్టు వెనక్కి వదలాలండీ. లేకపోతే లోపల పట్టేస్తుంది, తీసేవాడి ప్రాణం తోడేస్తుంది. నా చేత్తో కట్టింది ఇన్నేళ్ళలో ఒక్కటైనా పట్టేసిందా, అడగండి ఎవర్నైనా!"

"పోనీలెండి, ఎందుకలా తిడతారు? వాడికీ చేతులు నొప్పెట్టే ఉంటాయి."

"నొప్పెట్టాలి! బాగా నొప్పెట్టాలి! నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తావేంటి? అక్కడ పై వీధి టైలరు నా రెండు చేతులూ పట్టుకున్నాడు తెలుసా, నువ్వు లేకపోతే మా గతేంటయ్యా అని. పైపుకి చెవి ఆనించి విన్నాను, లోపల నీళ్ళు గుడగుడమంటూ పరిగెత్తాయి. ఏమోయ్, వేణ్ణీళ్ళు పెట్టు, గడ్డం గీసుకోవాలి. మధ్యాహ్నం కింద వీధి గుంతలు కూడా ఓసారి చూసిరావాలి. ఆ వెధవ అక్కడేం చేశాడో ఏంటో. అవునూ, రాత్రి కూరలో ఉప్పెందుకు తక్కువేశావు? చేతికి కంచం వచ్చిందని తినేస్తాననుకున్నావా?"

"సరే సరే, వెళ్ళండి. నీళ్ళు కాగే ఉన్నాయి."

"ఆఁ? కాగే ఉన్నాయా? భేష్!"

"వేణ్ణీళ్ళు ముందే పెట్టి ఉంచారన్నమాట."

"ఇంట్లో నీళ్ళు కాచుకోవడం కూడా తప్పేనా బాబూ?"

"ఆయన లోపలికెళ్ళారు. ఇప్పుడు చేతులు చూపించండమ్మా."

"చూడ్డానికేముంది వాటిలో?"

"చూపించండి... ఇవి బొబ్బలు. కాలితే వచ్చినవి కావు."

"కావు."

"మీరా?"

"నేనే. ఆయనకి తెలీదు. ఆయన మీద ఒట్టేసి చెప్తున్నాను, తెలీదు. ఆపితే నాది ఆపండి, ఆయన జోలికి వెళ్ళకండి."

"ఎందుకమ్మా ఈ పని?"

"ఏం చెప్పను? ఆ మోటార్లు వచ్చిన రోజు నుంచీ ఆ మంచం మీదే, ఆ గోడ వైపే. డబ్బు వస్తోంది, కాదనను. ఆయన రెక్కలు ముక్కలు చేసుకున్నప్పటికంటే ఇప్పుడే బాగా తింటున్నాం. కానీ పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. స్నానం లేదు, గడ్డం గీసుకోవడం లేదు. ఏం పలకరించినా ఊఁ. నాకు విసుగొచ్చేసింది బాబూ, నిజంగా విసుగొచ్చేసింది. బతికున్న మనిషికి కాపలా కూర్చున్నట్టుండేది. ఓ రోజు ఆ వాల్వు దానంతటదే పట్టేసింది. వీధి వీధంతా వచ్చి పిలిచారు. ఖాకీ చొక్కా దులిపి వేసుకున్నారు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని, ఉప్పు లేదు, బుద్ధి ఎక్కడ పెట్టి వండావే అని నన్ను తిట్టారు. ఎన్నాళ్ళయిందో ఆ తిట్టు విని! వంటింట్లోకి పోయి ఏడ్చాను."

"అందుకని మీరే..."

"మళ్ళీ గోడ వైపు తిరిగిపోయారు మరి! ఏం చెయ్యమంటారు?"

"పై వీధి వాళ్ళ ఇబ్బంది సంగతేంటి?"

"ముందురోజు సాయంత్రం టైలరు భార్యతో అంటాను, రేపు నీళ్ళు రావేమో అక్కా అని. అందరూ బిందెలు నింపి పెట్టుకుంటారు. ఎందుకు రావని ఒక్కరూ అడగరు."

"అంటే వాళ్ళకి తెలుసు."

"నేను చెప్పలేదు, వాళ్ళడగలేదు. మీకేం బాబూ, ఉద్యోగస్తులు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళడానికి ఓ చోటుంది. ఇవన్నీ మీకేం అర్థమవుతాయిలే."

"ఊఁ."

"పైవాళ్ళకి ఏం రాస్తారు?"

"వాల్వు తుప్పు పట్టి బిగుసుకుందని రాస్తాను."

"చల్లగా ఉండు నాయనా! ఇంక కట్టను. నా కళ్ళ మీద ఒట్టు, ఆ రాడ్డు ముట్టుకోను. ఆయన ఖర్మ, నా ఖర్మ. ఎలా రాసుంటే అలా."

"ఇంకో అర గ్లాసు టీ ఉందా అమ్మా?"

"ఉంది, పోస్తాను. ఆఫీసుకి టైమవలేదా? మీ కోసం చూడరూ?"

"చూడరు."

"అంతమంది ఉంటారు కదా అక్కడ."

"ఉండేవాళ్ళం."

"ఏమోయ్! ఆ ఆఫీసాయన వెళ్ళిపోయాడా? వెధవ దొరికాడో లేదో అడుగు!"

"లేదు పెద్దాయనా! అంత తొందరగా దొరికే రకంలా లేడు! నేను మళ్ళీ రావాలి!"

"అలా అన్నారేంటి బాబూ? ఇంక కట్టనని చెప్పాను కదా."

"మెల్లగా మాట్లాడండమ్మా. ఈసారి బిగించాక అర చుట్టు వెనక్కి వదలండి, ఆయనకి తియ్యడం తేలికవుతుంది. చేతులకి గుడ్డ చుట్టుకోండి. గురువారం మాత్రం తప్పకుండా కట్టండి. శుక్రవారం మావాళ్ళ మీటింగు, నా ఉద్యోగం ఉంచాలా తీసెయ్యాలా అని. అప్పటికి ఒక్క ఫిర్యాదూ లేకపోతే నాకూ ఇక భృతే."