నాలుగు వందల పదిహేడో నాజిల్

మా బావ పనిచేసిన ఫ్లెక్సు షాపు మూతపడి రెండు నెలలైంది. మొన్న పొద్దున్నే అక్క నా కుట్టుమిషను దగ్గరికొచ్చి, "ఈ మనిషికి ఎక్కడో ఒకచోట పని చూడరా, ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తున్నాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే రోజు, వెనక వీధిలో కొత్తగా బ్యానర్ల ప్రింటింగ్ షాపు పెట్టినావిడ కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చింది. మా బావ పన్నెండేళ్ళు ఆ లైన్లోనే ఉన్నాడని చెప్పాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఓసారి మాట్లాడతానంది. "బావా, అడిగినదానికి జవాబు చెప్పు, అంతే, నీకు పుణ్యముంటుంది" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నాకే చెబుతావేంట్రా" అన్నాడు.

ఆవిడ వచ్చింది. బెంచీ మీద కూర్చుని "మీకు..." అని మొదలుపెట్టిందో లేదో, బావ అందుకున్నాడు.

"మిషన్ల సంగతి నన్నడగండమ్మా. మాది పదడుగుల వెడల్పు మిషను. ఒకరోజు ఏమైందంటే, ఒక బిల్డరు, కొత్త ఇళ్ళు కట్టాడు, వాటికి నలభై అడుగుల బ్యానరు, మధ్యాహ్నానికల్లా కావాలన్నాడు. తీరా మిషను మొదలెడితే బొమ్మకి అడ్డంగా తెల్లగీతలు. ఆకాశం మీద గీతలు, ఇంటి మీద గీతలు, గేటు దగ్గర నవ్వుతున్న అమ్మాయి పళ్ళ మీద ఓ గీత. మా ఓనరు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. నేనేం చేశానో తెలుసా? ఇంకు చిమ్మే హెడ్డు తుడిచాను. మెత్తటి గుడ్డ, నాలుగు చుక్కల మందు, అంతే. సగం గీతలు పోయాయి."

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడితో ఆపితే చాలు దేవుడా అనుకున్నాను.

"మరి మిగతా సగం?" అన్నాడు టీ కొట్టాయన. ఆయన నోరు ఊరుకోదు.

"అక్కడికే వస్తున్నా. ఆ హెడ్డుకి వెయ్యి రంధ్రాలుంటాయి, నాజిల్స్ అంటారు, ఇంకు వాటిలోంచే పడుతుంది, కంటికి కనపడవు. మెకానిక్కులు భూతద్దాలు పెట్టి చూస్తారు, పాపం. నేను చెవి ఆనించాను. వెయ్యి నాజిల్స్ వెయ్యి గొంతులతో మాట్లాడతాయి, వినే చెవి ఉండాలి గానీ. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయాను. నాలుగు వందల పదహారు దాకా బుస్సు బుస్సుమంటున్నాయి. నాలుగు వందల పదిహేడోది నోరు మెదపలా. దొరికాడు దొంగ అనుకున్నా."

"మిషను నడుస్తుండగా చెవి పెట్టావా? తెగలేదా?" అన్నాడు పక్క బెంచీ మీద టీ తాగుతున్న ఆటో డ్రైవరు.

"నా చెవితో నీకేం పనయ్యా, నాజిల్ సంగతి విను. నోటితో ఊదాను. ఒకే ఒక్క ఊదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల గదిలో ఇంకు డబ్బాల మూతలు ఎగిరి సీలింగుకి తగిలాయి. ఇక మిషను అందుకుంది చూడండీ, హెడ్డు అటు పోతుందో ఇటు వస్తుందో తెలీదు, బ్యానరు గుమ్మం దాటింది, మెట్లు దిగింది, వీధి మలుపు తిరిగింది. ఓనరు స్విచ్చి కట్టేశాడు. ఆగలా. మెయిన్ పీకేశాడు. ఆగలా. ఊపు మీదుంది మరి."

"ఫ్లెక్సు రోలు అయిపోదూ?" అన్నాడు ఆటో డ్రైవరు.

"రోలు ఎప్పుడో అయిపోయింది. ఆ ముక్క మిషనుకి ఎవడు చెబుతాడు?"

టీ కొట్టాయన మరిగే పాలు కూడా మర్చిపోయి వింటున్నాడు. నేను బావ కాలు తొక్కాను. ఆయన కాలు పక్కకి జరుపుకున్నాడే గానీ నా వంక చూడలేదు. మొహం వెలిగిపోతోంది.

"రంగులంటారా, ఇల్లు ఇల్లులాగే, తలుపు తలుపులాగే. ఎవరో మొగుడూ పెళ్ళాం సామాను దించుకుని, అద్దెకి గది ఉందా అని ఆ తలుపు కొడుతున్నారు. ఇదంతా ఒకెత్తు. బొమ్మలో ఇంటి పక్కన రోడ్డొకటి ఉంది. లారీవాడు ఒకడు వచ్చి, చక్కగా ఇండికేటర్ వేసుకుని, ఆ రోడ్డు మీదికి తిప్పాడు."

"తిప్పి?"

"వెళ్ళిపోయాడు. ఇంకా రాలా. ఇప్పటికీ చూడండి, బొమ్మలో దూరంగా చుక్కంత లారీ కనపడుతుంది, ముందు అది లేదు. అప్పుడు గాలి లేచింది. బ్యానరు పైకెగిరింది. దాని మీద ఆకాశం, పైన ఆకాశం, ఏది ఏదో ఎవడికి తెలుస్తుంది? ఊరూరంతా రెండు రోజులు మా ఆకాశం కిందే బతికింది. పైన కుంభవృష్టి, కింద చుక్క లేదు. వాతావరణం ఆఫీసువాళ్ళొచ్చి, అయ్యా మా ఉద్యోగాలు పోయేలా ఉన్నాయి, దాన్ని దించండి అని నా గడ్డం పట్టుకుని బతిమాలారంటే నమ్మండి."

ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి, సంచీలోంచి ఒక కాగితం తీసింది. "నా మిషను ఈ పొద్దున ఇచ్చింది. కాస్త చూసి చెప్పండి."

నాలుగు రంగుల్లో సన్నటి చిన్న చిన్న గీతలు, ఒకదాని కింద ఒకటి దిగుతూ ఉన్నాయి. బావ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. వాసన చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"లాభం లేదమ్మా. నాలుగు హెడ్లూ పోయాయి. ఒక్క గీతైనా సాఫీగా ఉందా? అన్నీ ముక్కలై మెట్లు మెట్లుగా పడ్డాయి. ఈ మిషను వదిలించుకోండి."

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుంది. "ఇది నాజిల్ టెస్టండీ. రోజూ పని మొదలెట్టే ముందు తీస్తాం. ఒక్కో నాజిల్ ఒక్కో ముక్క గీస్తుంది, ఇలా మెట్లుగానే రావాలి. ఒక్క మెట్టు తప్పినా ఆ నాజిల్ మూసుకుపోయినట్టు. ఇందులో ఒక్కటీ తప్పలేదు. నా మిషను నిక్షేపంలా ఉంది. దాన్ని ఒక్కరోజు నడిపినవాడైనా ఈ కాగితాన్ని గుర్తుపడతాడు."

ఆటో డ్రైవరుకి టీ పొలమారింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి అక్కకి ఏం చెప్పను?

"ఇంతకీ అక్కడ మీ పనేంటి?" అంది ఆవిడ.

బావ మెడ వంచేశాడు. "రింగులు. బ్యానరు అంచుకి తాళ్ళు కట్టే రింగులు కొట్టి, పైకెక్కి కట్టేవాణ్ణి. మిషను గదిలోకి నన్ను రానిచ్చేవాళ్ళు కాదు."

"నలభై అడుగుల బ్యానరు, గాలి బాగా కొట్టే చోటు. ఎలా కడతారు?"

"అంచు మడిచి అతికించాకే రింగు కొట్టాలమ్మా, లేకపోతే మొదటి గాలికే చిరుగుతుంది. రెండడుగులకొకటి. మూలల్లో రెండేసి. తాడు మరీ బిగించకూడదు, కాస్త సాగే వీలుండాలి." గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "నేను కట్టినవాటిలో రెండు ఊడిపోయాయి."

"రెండేనా?"

బావ గ్లాసులోకి చూశాడు. "మూడు."

ఆవిడ లేచింది. "అయితే రేపు తొమ్మిదింటికి రండి. మిషను నేనే నడుపుకుంటాను. రింగులు కొట్టే మనిషి కోసమే వెతుకుతున్నాను. ఆ మాట అడుగుదామనే ఇందాక నోరు తెరిచాను."