తలుపు కాసిన మునవ్వర్ మియా

ఢిల్లీలో విల్లులు చేసేవాళ్ల మొహల్లాకి ఒక్కటే దారి, ఆ దారికో పెద్ద కొయ్య తలుపు. పొద్దుగూకగానే దాన్ని మూసి తాళం వేసేవాడికి తలుపు మీది గది ఉచితం. ముసలి కావలివాడు పోయి పది రోజులైంది. అఫ్గాన్లు సింధునది దాటారని ఆ వారమే కబురొచ్చింది. పాదుషా ఫర్మానా కోటగోడ దాటి బయట చెల్లి చాలా ఏళ్లయింది. ఫర్మానాల్లో చేతిరాత మాత్రం మునుపెన్నడూ అంత అందంగా లేదనేవారు, అది వేరే సంగతి. ఏతావాతా తలుపు సంగతి మొహల్లావాళ్లే చూసుకోవాలి.

అందుకని కొత్త కావలివాణ్ణి ఎంచడానికి మధ్యాహ్నం కహ్వా తాగే దుకాణంలో చేరారు. పెద్దమనిషి హకీం తఫజ్జుల్ సాహెబు చేతిలో తాళంచెవి ఉంది. మునవ్వర్ మియా కళ్లు దాని మీదే ఉన్నాయి. కిందటి వానలకి అతని ఇల్లు కూలింది. ఈ వయసులో అక్కగారింటి వసారాలో పడుకుని, బావగారి దగ్గు వింటూ తెల్లవార్చడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది.

"తలుపు కాయడం నాకు కొత్తా సాహెబ్?" అన్నాడు గడ్డం దువ్వుకుంటూ. "పద్దెనిమిదేళ్ల కిందట ఇరానీ షా ఊరి మీద పడ్డప్పుడు ఇక్కడ నిలబడిందెవరు? ఇద్దరు రౌతులొచ్చారు. దారి లేదు పొమ్మన్నాను. పోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలభైమందిని వెంటేసుకొచ్చారు."

"పోయిన శుక్రవారం ఇరవై అన్నావు మామూ," అన్నాడు మంగలి నబ్బూ, కత్తి నూరుకుంటూ.

"శుక్రవారం నాకు జ్వరంరా, అంకెలు తగ్గాయి. సరే, నలభైమంది. నా చేతిలో సగం చెక్కిన విల్లు, ఒక్కటే బాణం. వదిలాను. అది మొదటివాడి తలపాగా ఎగరగొట్టి, రెండోవాడిది ఎగరగొట్టి, సందు మలుపు తిరిగి..."

"బాణం మలుపు తిరిగిందా?"

"మన మొహల్లా బాణం, దానికి దారి తెలీదూ? నలభై తలపాగాలూ గుచ్చుకుని నా కాళ్ల దగ్గరికే వచ్చింది. మా అక్క వాటితో మూడేళ్లు బొంతలు కుట్టింది. అప్పుడు నాలుగు వేలమంది వచ్చారు. తలుపుకి అడ్డకర్ర విరిగింది. నా చెయ్యే అడ్డం పెట్టాను. ఆ పూట భోంచెయ్యలేదు కూడాను, లేకపోతే కర్నాల్ దాకా తరిమేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల సర్దారు నెమలి సింహాసనాన్నే ఏనుగు మీద వేసుకొచ్చి, 'ఓ పహిల్వాన్, నీలాంటివాడు కూర్చోవలసింది దీనిమీద, కూర్చో' అన్నాడు. కూర్చున్నాను. రత్నాలు గుచ్చుకున్నాయి. 'ఇదా సంగతి, మా పాదుషాలు ఒక్కచోట నిలవలేకపోయింది ఇందుకు, తీసుకుపొండి' అన్నాను. పట్టుకుపోయారు. లేకపోతే కోటలో సింహాసనం బయటికెలా వెళ్తుంది?"

దుకాణమంతా నవ్వింది. హకీం సాహెబు కూడా నవ్వాడు. మునవ్వర్ మియాకి గది కిటికీలోంచి గాలి తగిలినట్టే ఉంది.

శనగలు వేయించే రుఖియా ఖాలా గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటోంది. "ఇరానీలు ఊరి జనాన్ని నరికిన రోజు తలుపు దగ్గర ఎవరూ లేరు మునవ్వర్," అంది మెల్లగా. "నువ్వు మా శనగల గుమ్మిలో ఉన్నావు. మూత పెట్టింది నేనే."

ఎవరూ నవ్వలేదు. మునవ్వర్ మియా తాళంచెవి మీంచి చూపు తిప్పుకున్నాడు. గది పోయింది, సరే. రేపటినుంచి ఈ దుకాణంలో ఏ మొహంతో కూర్చోవడం?

"గుమ్మిలో ఒక్కడేనా?" అన్నాడు హకీం సాహెబు.

"ఒక్కడెందుకూ," అంది ఖాలా. "ముందు కప్పుల మీదుగా పరిగెత్తి ఆడవాళ్లని ఎండిపోయిన బావిలోకి దించాడు. ముసలాళ్లని గడ్డివామిలో పెట్టాడు. పిల్లల్ని నా గుమ్మిలో కుక్కాడు. ఇంక చోటు లేక, వణుకుతూ వాళ్లమీదే ఎక్కి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తలుపు విరిగింది. ఇళ్లన్నీ వెతికారు, మనిషి దొరకలేదు."

"కర్నాల్‌కి ఇరానీ షాని ఆపడానికి వెయ్యి ఏనుగులతో వెళ్లారు మన వీరులు," అన్నాడు హకీం సాహెబు. "మూడు గంటల్లో అయిపోయింది. ఈసారీ తలుపు విరుగుతుంది, ఎవడు కాసినా విరుగుతుంది. ఆలోపు ఎవరిని ఎక్కడ దాచాలో తెలిసినవాడు మనకి కావాలి." తాళంచెవి మునవ్వర్ మియా ఒళ్లో పెట్టాడు.

మునవ్వర్ మియా దాన్ని నడుముకి కట్టుకున్నాడు. తలెత్తేసరికి గొంతు మళ్లీ దారిలో పడింది.

"ఖాలాకి మతిమరుపు సాహెబ్. ఆ గుమ్మిలో పిల్లలెంతమందో చెప్పనేలేదు. ముప్పైమంది."

"నలుగురం మామూ," అన్నాడు నబ్బూ కత్తి పక్కన పెట్టి. "అడుగున ఉన్నది నేను. నువ్వు కూర్చున్న ఈ మెడ ఇవాళ్టికీ ఎడమవైపు తిరగదు."