తొట్టి నిండేలోపు

చర్చి వెనక గదిలో పాస్టరు రేపటి ప్రసంగం చదివి వినిపిస్తున్నాడు. వింటున్నవాడు ఆయన బావమరిది, కాలేజీలో తత్వశాస్త్రం లెక్చరరు. పక్క హాల్లో సంఘ పెద్దలు నేల ఇంకా ఆరలేదని గొణుక్కుంటున్నారు.

“...కనుక ప్రియులారా, నీ నిజం నీది, నా నిజం నాది అనే ఈ రోజుల్లో, సత్యం ఒక్కటే! అది మన వీలును బట్టి మారదు! ఆ సత్యం క్రీస్తే! ఎలా ఉందిరా?”

“అదిరింది బావా. బల్ల గుద్దే చోటు కూడా బాగా కుదిరింది.”

“వెటకారమా?”

“ఛఛ, చర్చిలో కూర్చుని వెటకారమా! అది సరే, కాపలా పెద్దాయన్ని తీసేశారటగా?”

“అది పెద్దల నిర్ణయం.”

“ఎందుకట?”

“బాప్తిస్మపు తొట్టి కుళాయి కట్టెయ్యలేదని. హాలంతా నీళ్లు. చెక్క వేదిక ఉబ్బిపోయింది, కీబోర్డు పాడైంది. ఎవరో ఒకరు బాధ్యులు కావాలిగా.”

“ఎవరో ఒకరా? సత్యం ఒక్కటే అని ఇప్పుడేగా బల్ల గుద్దావు?”

“అది వేరు, ఇది వేరు.”

“ఆహా.”

“ఏంటా ఆహా? వాళ్లకు కనిపించింది వాళ్లు చెప్పారు. ఆయనకు అనిపించింది ఆయన చెప్పుకున్నాడు. పరిస్థితిని బట్టి...”

“ఆగాగు! వాళ్ల నిజం వాళ్లది, ఆయన నిజం ఆయనది! మా గుంపులోకి స్వాగతం బావా. ఉండు, కుర్చీ తుడుస్తా.”

“నోరు ముయ్యి.”

“గురువారం సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడు ఎక్కడున్నావు?”

“ఎక్కడో ఉన్నాను. గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. ‘ఉండరా, తొట్టికి నీళ్లు పెట్టి వస్తా’ అన్నావు. తర్వాత సత్యమనేది ఉందా లేదా అని గంటసేపు కొట్టుకున్నాం. మాట్లాడుతూనే ఇంటికెళ్లిపోయావు. అక్క అన్నానికి పిలవడం కూడా వినిపించింది.”

“మెల్లగా, మెల్లగా. పక్కనే ఉన్నారు.”

“ఉన్నారనే అడుగుతున్నా. కుళాయి తిప్పిందెవరు?”

“నిజమనేదే లేదని వాదించింది నువ్వే కదరా! నీకెందుకింత పట్టుదల?”

“నాకు లేదు బావా, నీకుందిగా! నేను ఎగతాళి చేస్తాను, వాదిస్తాను, ఒప్పుకుంటా. కానీ గట్టిగా నమ్మేవాడు మనింట్లో ఒకడున్నాడని లోపల్లోపల ధైర్యంగా ఉండేది. అది కూడా తీసేస్తావా?”

“చెబితే నాకిక్కడ చోటుండదురా. ఇల్లు కూడా వాళ్లిచ్చిందే. మీ అక్క...”

“పెద్దాయనకు మాత్రం ఉందా చోటు? గది ఖాళీ చేస్తున్నాడు. చీపుళ్లు కూడా కడిగి అప్పజెప్పాడు పాపం. అయినా సత్యం క్రీస్తే అన్నావుగా, మరి గురువారం ఆ క్రీస్తు హాల్లోనే ఉన్నాడా, నీతోపాటు ఇంటికొచ్చేశాడా?”

“ఇక చాల్లేరా.”

“బావా? కాగితాలు మడిచేస్తున్నావేంటి? రేపు ప్రసంగం లేదా?”

“ఉంది. కుదించాను. రేపటిదాకా ఎందుకులే, హాలు తలుపు తియ్యి.”

“ఎంతసేపు చెబుతావు?”

“ఒక్క మాటేరా. కుళాయి తిప్పి మరిచిపోయింది నేను.”