దీపం ఇంత కిందికా

హలో… ఆ, నేనే, లారస్ అక్కని. ఓ పక్కకొచ్చి మాట్లాడు, పంజీ.

…ఏం లేదు. అమ్మ ఇంట్లో, భోజనాల గదిలో నిలబడ్డా. నువ్వు దగ్గరుండి పెట్టించిన దీపం చూస్తున్నా.

…బాగుందా అంటావేంట్రా? నేను ఎంచిందేమిటి? బల్ల పొడవునా మూడు గాజు దీపాలు, తెల్లటి వెలుగు. ఇక్కడున్నది వెదురు బుట్టలో ఒక్కటే. వేసి చూశా, పసుపుపచ్చగా ఉంది. ఆర్పేశా.

…రంగు సంగతి వదిలెయ్. ఎత్తు చెప్పు. నా నడుం దగ్గర వేలాడుతోంది. దీని కింద బల్ల పట్టదు.

…తుగిమిన్ గారు పొరబడ్డారా? సెమరాంగ్‌లో సగం ఇళ్ళకి కరెంటు పని చేసిన మనిషి. ఎవరూ చెప్పకుండా దించరు.

మరి టేకు బల్లని గోడకి నెట్టిందెవరు?

…నవ్వకు. పోయిన నెల జెపారా నుంచి పాత సామాన్లు కొనేవాణ్ణి తీసుకొచ్చింది నువ్వే.

…ఊరికే చూడ్డానికా? ఊరికే చూసేవాడు బల్ల తిరగేసి కోళ్ళు తడుముతాడా?

నాన్న ఇంకో ఆవిడతో సురబయ వెళ్ళిపోయిన వారంలో కొంది అమ్మ దాన్ని. ఇక ఈ ఇంట్లో భోజనానికి చాప పరవనంది. అది అమ్మేశావంటే నీకూ నాకూ మాటల్లేవు.

…ఒట్టా? మరి దీపం దించమన్నదెవరు?

…నీళ్ళు నమలకు.

ఆగు. వంటింట్లో బండెంగ్ వేగుతోంది. మనింట్లో ఆ ముళ్ళ చేప ఎవరు తింటారు? నువ్వా? నేనా?

పంజీ. కింద కూర్చుని, ఒక్కో ముల్లూ చేత్తో ఏరుకుంటూ తినేది నాన్నొక్కడే.

…ఎప్పుడొస్తున్నాడు?… ఇవాళా?

…కళ్ళకేమైంది?… రెండూ మసకేనా.

…నువ్వు పిలవలేదా? మరెవరు—

ఉండు, అమ్మ వస్తోంది. చంకలో చాప చుట్ట ఉంది.

అమ్మా, ఏంటిది?… తమ్ముడితోనే… ఆ? దీపం ఇంకాస్త దించాలా? అంటే నువ్వేనా…

విన్నావా, పంజీ?… క్షమించలేదట. ముల్లు కనబడక గొంతులో గుచ్చుకుని మనిషి తనింట్లో పోకూడదట, అంతేనట.

…నేనా? నేను పలకరించను. నన్నడక్కు.

…గేటు చప్పుడు. గోడ పట్టుకుని వస్తున్నాడు.

ఉంటాన్రా. అమ్మ చేతుల్లో చాప ఉంది. దీపం నేనే వెయ్యాలి.