పెట్టె మోసిన సాక్షి

ఇంటి పన్ను బకాయి వేలంలో ఆమె ఉంటున్న ఇంటిని పాడుకున్న ఎదురింటాయన సేల్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేసరికి, ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

“నెలాఖరుకి ఖాళీ చెయ్యమ్మా. ఇల్లిప్పుడు నాది.”

“మాకు చెప్పకుండా ఎలా అమ్మారన్నయ్యా?”

“జక్రయ్యగారి పేరు మీద మూడు నోటీసులొచ్చాయి. మీ మావగారేగా.”

“ఆయన చనిపోయారని చెప్పి పోస్టుమాన్‌ని తిప్పి పంపాను. ఉన్న మాటే చెప్పాను.”

“కవరు మీద మాత్రం ‘తీసుకోలేదు’ అని రాసుంది.”

“ఆరేళ్ల కిందట పోయినాయనకి నోటీసిస్తే వేలం చెల్లదంటున్నారు గుంటూరు వకీలుగారు.”

“పోయినట్టు కాగితముందా? మరణం నమోదు చేయించారా?”

“లేదు. మన పేటలో ఎవరు చేయించారు? పాస్టరుగారు ప్రార్థన చేశారు, సమాధి చేశాం. ఆ పాస్టరుగారు కూడా పోయారు.”

“మరి కోర్టులో ఏం చూపిస్తావ్?”

“మనిషిని చూపిస్తాను. మావయ్యగారి శవపెట్టె ముందు వైపు పట్టింది మీరేగా. ఆ వానలో సమాధుల తోట దాకా భుజం మార్చకుండా మోశారు.”

ఆయన సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నన్నెందుకు లాగుతావమ్మా?”

“కేసులో సాక్షుల్లో మొదటి పేరు మీదే రాయించాను. ఆ రోజు పెట్టెలో ఎవరున్నారో చెప్పండన్నయ్యా, చాలు.”