రచ్చలో ఓడి మా ఇంట గెలిచిన తోడికోడలు

అందరికీ నమస్కారం. ఫ్రిస్కో వాళ్ళే కాదు, చాండ్లర్ నుంచి ఫ్లైట్ పట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. వర్కింగ్ డే అయినా హాల్లో నిలబడటానికి చోటు లేదు. చూశావా మార్కేటా, నా యాభయ్యో పుట్టినరోజుకి ఇందులో సగంమంది రాలేదు.

నేను కృష్ణవేణిని, ఈ ఇంటి పెద్దకోడలిని. మార్కేటా నా తోడికోడలు, మా మరిది రఘువీర్ భార్య. నలభై నిండకుండానే జబ్బు తనని తీసుకెళ్ళిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ఆ మంచి చూసి నేనెంత కుళ్ళుకున్నానో కూడా చెబుతాను.

అమ్మా, అయ్యా, తను చెక్ దేశంలో పుట్టిన పిల్ల. నడక రాగానే కాళ్ళకు స్కేట్లు కట్టారట. తోమాష్ అనే కుర్రాడితో జంటగా ఐస్ డాన్స్ చేసేది. అందులో పెద్ద పెద్ద గెంతులు ఉండవు, ఇద్దరూ ఒక్కటై మంచు మీద నాట్యం చేయాలి. వాళ్ళ దేశంలో రెండో స్థానం దాకా వచ్చింది. యూరప్ అంతా పోటీలకు తిరిగింది. బంగారు పతకం మాత్రం ఒక్కటీ లేదు. మరి కుళ్ళు దేనికంటారా?

తన ఆఖరి పోటీ ఇక్కడే అమెరికాలో, మా ఇంటికి గంట దూరంలో జరిగింది. అప్పటికే రఘువీర్‌తో పెళ్ళి అనుకున్నారు. తను నాట్యం ముగించేసరికి ఫైనల్‌కి వెళ్ళే ఆఖరి చోటు తనదే. దాన్ని లాక్కోగలిగే జంట ఒక్కటే మిగిలింది. కాబోయే కోడలు పలకరించడానికి మంచు అంచుకు వస్తే మా అత్తయ్యగారు ఊరుకుంటారా? బ్యాగులోంచి అక్షింతలు తీసి నెత్తిన చల్లారు. నెత్తిన పడ్డవి కొన్ని, మంచు మీద పడ్డవి ఎన్నో. గింజ బ్లేడు కిందికి వస్తే ఎంతటివాళ్ళైనా బోర్లా పడాల్సిందే. పోటీ ఆపేశారు. ఎవరి పని అని అడిగారు. అత్తయ్యగారు బ్యాగు వెనక్కి దాచుకున్నారు. మార్కేటానే "మావాళ్ళే, నాకోసమే" అని చెప్పి, ఆ మెరుపుల డ్రస్సుతోనే మోకాళ్ళ మీద కూర్చుని గింజ గింజా ఏరింది. ఆ మిగిలిన జంట చక్కగా నాట్యం చేసి మార్కేటా చోటు పట్టుకుపోయింది. ఎందుకు ఏరావే పిచ్చిదానా అంటే, "వాళ్ళు పడితే వచ్చే చోటు నాకెందుకక్కా" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల రచ్చలో ఓడి మా ఇంట గెలిచింది. ఏళ్ళ తరబడి ఒక్క వ్రతం తప్పకుండా చేసింది నేను. గుప్పెడు బియ్యం ఏరి అత్తగారి మనసు పట్టుకెళ్ళింది తను. నాకు మండదా?

అక్కడితో ఆగిందా? నా కూతురు ఆద్య తన దగ్గరే స్కేటింగ్ నేర్చుకుంది. కింద పడితే "అమ్మా" అనేది కాదు, "పిన్నీ" అనేది. నా కడుపున పుట్టిన పిల్ల. ఉండబట్టలేక, దానికేం మందు పెట్టావే అని అడిగేశాను. నవ్వింది. "పడితే ముందు పార్ట్‌నర్ చెయ్యి వెతకాలక్కా, లేవడం తర్వాత. అదే నేర్పాను" అంది.

పోయిన వారం ఆస్పత్రిలో అందరం మంచం చుట్టూ ఉన్నాం. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి వెతికింది. రఘువీర్ తన చెయ్యి అందించాడు. తడిమి చూసి వదిలేసింది. "అక్క" అంది. ఆ రోజు నన్ను చూసి అందరూ కుళ్ళుకున్నారు. ఆ చెయ్యి నేను వదల్లేదు. తనే వదిలేసింది.

ఇక లేవండి. పాట మొదలయ్యే ముందు ఆ ఐస్ డాన్స్ జంటలు కదలకుండా నిలబడతాయి కదా, అలా కాసేపు మౌనంగా నిలబడదాం. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నా పక్కకి మాత్రం ఎవరూ రాకండి. ఆ చోటు తనది.