సుమిత్రమ్మ సిన్మాల మార్కండన్న డైలాగ్

మార్కండన్న ఊళ్లో లేని పదకొండు రోజులు సిరిసిల్లలో మా ఎర్రయ్య ఛాయ్ హోటల్ చప్పచప్పగా నడిచింది. ఛాయ్ అదే, బెంచీలు అవే, కోతలు కోసే మనిషే లేడు. పన్నెండో రోజు సాయంత్రం నాలుగింటికి ఊడిపడ్డాడు. మాకు పండగే గాని, ఆయనకు మాత్రం గండమే. ఎందుకంటే ఎదురు బెంచీ మీద నరేశ్ కూర్చుని ఉన్నాడు.

నరేశ్ మా ఆసామి, అంటే మేం పనిచేసే షెడ్డు ఆయనదే. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆ షెడ్డులో ఎనిమిది సాంచాలు మార్కండన్నే నడుపుతున్నాడు. చెప్పాపెట్టకుండా మాయమయ్యేసరికి ఆ ఎనిమిదీ పదకొండు రోజులు నోరు మూసుకుని నిలబడ్డాయి.

“కాకా, ఒక్కటే మాట,” అన్నాడు నరేశ్. “రేపటి సంది నీ సాంచాల మీదికి తంగళ్లపల్లి కెల్లి ఒకాయన అస్త అంటుండు. నేనింక మాట ఇయ్యలే. గీ ఛాయ్ అయ్యేలోపల కారణం చెప్పు. సరైన కారణమైతే ఆయనను వద్దంట. లేకుంటే నన్ను తప్పువట్టకు.”

ఇంకొకడైతే నరేశ్ చేతులు పట్టుకునేవాడు. మార్కండన్న కాలు మీద కాలేసుకున్నాడు.

“కారణమా? శానా చిన్నది నరేశూ. కథలాపూర్ల మా మేనకోడలి పురుడుకు పోయిన. పొద్దుగాల పోయి మాపటికి మర్లి అద్దామనే పోయిన. ఆడ దొరల పాత బంగ్లా, గడి ముంగట ఒకటే జనం. ఏందని తొంగి సూస్తే సిన్మా షూటింగు! కత ఎవల్దనుకున్నరు? గా గడి దొర బిడ్డ సుమిత్రమ్మది. ఉత్తుత్త కత గాదు, బతికిన మనిషి కత. ఎనుకట హైదరాబాద్ల పెద్దోళ్ల దావత్ అంటే ఆమె లేకుంట దీపం ముట్టియ్యకపోదురట. ఒక పెయింటర్ ఆమెను ఎదురుంగ కూసోవెట్టుకొని నలభై బొమ్మలు గీసిండు. గా బొమ్మలతోని ఆయన పేరు దేశాలు దాటింది. ఈమెకు మందు అలవాటాయె, నిద్ర గోలీలు అలవాటాయె. ఆఖరుకు ఒక్కతే గడికి మర్లచ్చి, గాన్నే కన్నుమూసింది. ఇంటుంటే నాకు పానం కలకలమన్నది.”

“నీకు సుమిత్రమ్మ ఎర్కేనానె?” అన్నాడు ఎర్రయ్య, పాలు పొంగకుండా గంటెతో తిప్పుతూ.

“ఎర్కలేకున్న ఏడుపు రాదా? ఇను. హీరోయినమ్మ కట్టింది సుమిత్రమ్మ అసలు చీర. ఎన్నడో నేసిన పట్టు. తలుపు గొళ్లానికి తట్టుకొని కొంగు పర్రుమన్నది. డైరెక్టర్ సారు నెత్తి వట్టుకొని కింద కూసున్నడు. నేను జనంల కెల్లి ‘సారూ, జరుగుండ్రి’ అని పోయి, తెగిన పోగులు అతికిన. గంతే. మనకు రోజు చేసే పనే గదా.”

ఇంతవరకు నమ్మదగ్గదే. పోగు అతకడంలో ఆయన వేళ్లకు మా షెడ్డులో జోడు లేదు. నరేశ్ కూడా తలూపాడు. అక్కడ ఆపితే బాగుండేది. ఆపితే ఆయన మార్కండన్న ఎందుకవుతాడు?

“ఎన్ని పోగులో ఎర్కేనా? రెండువేల నాలుగొందలు! నేను కూసునేసరికి డైరెక్టర్ సారుకు తుమ్ము అచ్చింది. ‘హా’ అన్నప్పుడు మొదలువెట్టిన. ‘ఛీ’ అనేసరికి కొంగు కొత్తది!”

“తుమ్ము చిన్నదా, పెద్దదా?” అన్నాడు ఎర్రయ్య.

“డైరెక్టర్లది పెద్దగనే ఉంటది గని, నువ్వు మద్దెల రాకు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? సారు నా చెయ్యి ఇడువలే. ‘నువ్వు లేకుంటే నా సిన్మా లేదు’ అన్నడు. నా ఫోన్ గుంజుకున్నరు, సెట్ల ఎవ్వల దగ్గర ఉండద్దట. అందుకే నరేశూ, నీకు చెప్పలేకపోయిన. ఇగ పెయింటర్ ఏషం కట్టినాయన ఉన్నడు సూడు, ఆయనకు కుంచె వట్టుడే రాదు. చీపురు వట్టినట్టు వట్టిండు. నేను ఓర్సుకుంటనా? ఇటియ్యి అని గుంజుకొని హీరోయినమ్మ బొమ్మ నేనే గీసిన.”

“పోయిన దసరాకు మీ ఇంటి గోడకు సున్నమే సక్కగ ఎయ్యలే గదనే!” అన్నాను నేను.

“గోడకు ఏం పానం ఉంటది? మనిషి బొమ్మ వేరు. కండ్లు గీసి కుంచె తీసేసరికి బొమ్మ రెప్ప కొట్టింది! మేకప్పాయన ఉరికచ్చి బొమ్మకు పౌడర్ అద్దిండు. భోజనాలాయన బొమ్మ ముంగట ఇస్తరేసి పప్పు పోసిండు. మనిషెవలో బొమ్మెవలో తెలువక బొమ్మను తీస్కపోయి ఏసీ బండ్ల కూసోవెట్టిండ్రు. హీరోయినమ్మను గోడకు తగిలిద్దామని మేకు, సుత్తె తెచ్చిండ్రు!”

“అయ్యో, పిల్ల బతికిందారా?” అంది మొగిలవ్వ. ఆమె మా షెడ్డులోనే నూలు కండెలు చుడుతుంది. ఛాయ్ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఇందాకటి నుంచి మార్కండన్న ముఖమే చూస్తోంది.

“నేనుండంగ సస్తదా అవ్వా? అడ్డం వడ్డ. ‘ఓ అయ్యా, నేను గీసినదానికి చెంప మీద పుట్టుమచ్చ వెట్టిన, సూస్కొని కొట్టుండ్రి’ అన్న. గా ముచ్చట ఊర్లు వట్టుకపోయింది. కొండగట్టుకు పోయేటోళ్లు మల్యాల కాడ బస్సు దిగి, మొక్కు మర్సిపోయి కథలాపూర్ దిక్కు మర్లిండ్రు. జగిత్యాల కెల్లి, కోరుట్ల కెల్లి ఆటోలే ఆటోలు. లైన్ల నిలవడ్డోళ్లల్ల సగం మంది బొమ్మతోని సెల్ఫీ దిగిండ్రు, తక్కినోళ్లు నాతోని.”

మాకు నవ్వాగడం లేదు. నరేశ్ మాత్రం నవ్వలేదు. గ్లాసులో ఇంకో రెండు గుక్కలు మిగిలాయి. మార్కండన్న అది చూశాడు, ముందుకు జరిగి గొంతు పెంచాడు.

“అసలుది ఇప్పుడు చెప్తున్న, ఇనుండ్రి! ఆఖరు సీను. పెయింటర్ ఇడిచిపెట్టి పోయిండు. సుమిత్రమ్మ గడి మెట్ల మీద ఒక్కతే కూసున్నది. చీర నేసి తెచ్చిన సాలాయన ఎదురుంగ నిలవడ్డడు. గా సాలాయన ఎవలు? నేనే! హీరోయినమ్మకు ఏడుపు రాదు. కండ్లల్ల మందు చుక్కలు ఏసిండ్రు, రాలే. ఉల్లిగడ్డలు కోసిండ్రు, కోసినోళ్లు ఏడ్సిండ్రు గని ఆమె ఏడ్వలే. నేను దగ్గరికి పోయి చెప్పిన. ‘అమ్మా, సుమిత్రమ్మను అందరు సూసిండ్రు. చక్కగున్నవన్నరు, బొమ్మలు గీసిండ్రు, పాటలు కట్టిండ్రు. తిన్నవా, పన్నవా అని ఒక్కలు అడుగలే. గది యాది చేస్కో’ అన్న.”

“గది మంచి మాటే,” అన్నాడు ఎర్రయ్య. గంటె తిప్పడం ఆపేశాడు.

“గది ఉత్త మాట. డైలాగ్ ముందటున్నది! డైరెక్టర్ సారు నా కాళ్లదాక వంగిండు. ‘మార్కండేయులు గారూ, నేను రాసిన కాయిదాలన్ని అయిపోయినయ్, ఇగ మీ నోట్లకెల్లి ఏమస్తే గదే డైలాగ్’ అన్నడు. దేవున్ని తలుసుకొని కొట్టిన. నాలుగు పేజీలు! ఊపిరి తియ్యలే!”

“ఏం కొట్టినవ్?” అన్నాడు నరేశ్.

“ఈడ చెప్పద్దు నరేశూ, ఎర్రయ్య పాలు ఇరుగుతయ్. హీరోయినమ్మ ఏడ్సింది. ఏడ్సుడంటే ఏడ్సుడా? డైరెక్టర్ సారు ఏడ్సిండు. లైట్లోళ్లు ఏడ్సిండ్రు. కెమెరాకు చెమ్మవట్టింది. బర్రెలు నెమరు ఆపినయ్. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కథలాపూర్ సూరమ్మ చెర్వు నిండి అలుగు దునికింది! గా నీళ్లు వాగులకెల్లి వాగులకెల్లి మిడ్ మానేరుకు జేరినయ్. వాన సుక్క లేకున్న వరద ఎక్కడిదని ఇంజినీర్లు లెంకుడే లెంకుడు. మొన్న ఆయితారం తంగళ్లపల్లి బ్రిడ్జి కాడ మీరు కొన్న చేపలకు ఉప్పు ఎయ్యాల్సి అచ్చిందా? మీ పిల్లల మీద ఒట్టేసి చెప్పుండ్రి.”

“నిజమే, మా ఇంట్ల కూర ఉప్పగ ఉండె,” అన్నాడు ఎర్రయ్య. “నేను మా రమను తిట్టిన గూడ.”

“ఇంటికి పోయి మాఫీ అడుగు. గది సుమిత్రమ్మ కన్నీళ్లు!”

హోటల్ హోటలంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే నరేశ్ ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఛాయ్ అయిపోయింది కాకా. చేపలకు ఉప్పు అవసరం పడలేదని నా సాంచాలు బంద్ వెట్టుకోవాల్నా? నేను కారణం అడిగిన, కత అడుగలే. తంగళ్లపల్లి ఆయనను రమ్మంటున్న.”

మార్కండన్న కాలు మీద కాలు దిగింది.

“ఆగు, ఆగు నరేశూ! నమ్మవా? సాక్ష్యం ఉన్నది! సిన్మాది చిన్న ముక్క పొద్దుగాల్నే ఇడిసిండ్రు. ఫోన్లల్ల తిరుగుతుంది. ఇగో సూడు, నేనే!”

గబగబా తన ఫోన్ తెరిచి అందరి ముందు పెట్టాడు. నిజంగానే ఆయనే. పాత గడి మెట్లు, మెట్ల మీద హీరోయిన్, ఎదురుగా తలపాగా చుట్టుకుని, చంకలో చీర మూటతో మా మార్కండన్న. ఆయన ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. పెదాలు టకటకా కదులుతున్నాయి. వీడియో అంతా ఫిడేళ్ల మ్యూజిక్కే తప్ప ఒక్క మాట వినిపించడం లేదు.

“గదే డైలాగ్!” అన్నాడు ఛాతీ విరుచుకుని. “నా గొంతు అట్లనే ఉంచితే థియేటర్ల పర్దా చినుగుతదని మీదికెల్లి మ్యూజిక్ ఏసిండ్రు. ఏం చేస్తం మరి!”

“ఇటియ్యిరా, నన్ను సూడనియ్యి,” అని మొగిలవ్వ ఫోన్ అందుకుంది. “మల్లొకసారి వెట్టు.”

అప్పుడు గుర్తుకొచ్చింది మార్కండన్నకు. మాకూ అప్పుడే తట్టింది. సాంచాల మోతలో పక్కన నిలబడి అరిచినా మాట వినబడదు. షెడ్డులో మేమందరం ఒకరి పెదాలు ఒకరం చూసుకునే మాట్లాడుకుంటాం. మొగిలవ్వకైతే ఆ మోతలోనే చెవులు పోయాయి. మీద మ్యూజిక్ వేసినా, వెయ్యకపోయినా ఆమెకు ఒకటే.

“ఏమంటుండు అవ్వా?” నరేశ్ ఆమె ఎదురుగా వచ్చి అడిగాడు.

“అవ్వా, నెట్ సక్కగ లేదు, ఇటియ్యి,” అని మార్కండన్న చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని తోసేసి, ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుని ఒక్కో మాటే చెప్పింది.

“‘అమ్మా, నువ్వన్న జర సారుకు చెప్పు. నన్ను ఇడిసిపెట్టుమను. ఒక సీన్ల నా మొకం పడ్డదట, సీనంత అయిపోయేదాక పోవద్దని ఎనిమిదొద్దుల సంది గీన్నే కూసోవెట్టిండ్రు. ఆడ నా సాంచాలు ఆగినయ్. మా నరేశ్ మంచోడే గని, ఎన్నొద్దులని ఆగుతడు?’”

మార్కండన్న నేల చూస్తున్నాడు.

“ఇంకున్నది ఆగుండ్రి,” అంది మొగిలవ్వ. “‘సాంచా నడుపుడు తప్ప నాకింకో పని రాదమ్మా’ అంటుండు.”

ఫోన్‌లో హీరోయిన్ తలెత్తి ఆయన వైపు చూసింది. ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు. ఆమె ఏడ్చిందన్న మాట మాత్రం కోత కాదు.

నరేశ్ అటు తిరిగి ఫోన్ చేశాడు. “అన్నా, రేపు రాకు. మా కాక అచ్చిండు,” అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని మార్కండన్న పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.

“గీ ఒక్క మాట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద కాకా. బొమ్మలు, చెర్వులు, చేపలు, గివన్ని ఎందుకు?”

మార్కండన్న మొగిలవ్వ చేతిలోంచి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, మేం ఎన్నడూ విననంత చిన్న గొంతుతో అన్నాడు.

“నాకింకో పని రాదని గింత మందిల ఎట్ల చెప్పుకోవాలె కొడుకా?”